మొత్తం 330 ఉన్న పోకెమాన్‌కు పోటీలో చోటు ఉంటుందా?

డెలిబర్డ్, లవ్‌డిస్క్ రెండూ మీకు ఇష్టమనీ, రెండింటి బేస్ స్టాట్స్ మొత్తం 330 దగ్గరే ఆగిపోయిందనీ, స్నేహితులు మాత్రం ఇవి పెంచుకోవడానికే తప్ప పోటీకి పనికిరావని కొట్టిపారేస్తున్నారనీ రాశారు. 2014లో ఒక ఆటగాడు పచిరిసును పెట్టుకుని ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు వీటితో ఎందుకు గెలవకూడదు, అసలు బలహీనమైన పోకెమాన్‌కు అవకాశం ఉందో లేదో ముందే ఎలా తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. డెలిబర్డ్‌కు ఇరుకైనదే అయినా ఒక చోటు ఉంది. లవ్‌డిస్క్‌కు లేదు. మొత్తం ఒకటే అయినా తీర్పు రెండు రకాలుగా ఎందుకు వచ్చిందో వివరంగా చెబుతాను. ఆ తేడా పట్టుబడితే మిగతా ఏ పోకెమాన్‌నైనా మీరే తూచుకోగలరు.

నేను మాట్లాడేదంతా అధికారిక పోటీల్లో ఆడే డబుల్స్ గురించి, అంటే వీజీసీ గురించి. ఆరింటితో టీమ్ కడతాం, ఎదుటివాళ్ల ఆరింటినీ చూశాక మన ఆరింటిలోంచి నాలుగింటిని తీసుకుని దిగుతాం, ఒక్కో వైపు రెండేసి బరిలో ఉంటాయి, అన్నిటినీ లెవెల్ 50 లెక్కన ఆడిస్తారు. సింగిల్స్‌లో లెక్క చాలా మారిపోతుంది, దాని జోలికి పెద్దగా పోను.

బేస్ స్టాట్స్ మొత్తం అంటే ఆరు అంకెల కూడిక. ఆ ఆరింటిలో ఏది అవసరమో, ఏది దండగో ఆ కూడిక చెప్పదు. అబిలిటీ (దానికి సహజంగా ఉండే ప్రత్యేక గుణం) అందులో లేదు, మూవ్స్ (అది వేసే ఎత్తులు) లేవు, టైప్ (నీరు, నిప్పు లాంటి జాతి) లేదు. స్లాకింగ్ మొత్తం 670. కానీ ట్రూయంట్ అబిలిటీ వల్ల ఒక టర్న్ కొడితే తర్వాతి టర్న్ ఊరికే కూర్చుంటుంది. రెజిగిగాస్‌దీ 670. స్లో స్టార్ట్ వల్ల బరిలోకి దిగిన మొదటి 5 టర్న్‌లు దాని అటాక్, స్పీడ్ సగమే ఉంటాయి. డబుల్స్‌లో ఆ 5 టర్న్‌లు అయ్యేసరికి మ్యాచ్ చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ఇక అటువైపు చూడండి. వైనాట్ అనే పసిదాని మొత్తం 260. మూడు, నాలుగు తరాల ఆటల్లో ఆటగాళ్ల సైట్ స్మోగన్ పెట్టిన సింగిల్స్ నిబంధనలు దాన్ని మామూలు పోటీ నుంచి తీసేసి, మహాబలమైన లెజెండరీలు ఆడే ఊబర్స్‌లో పడేశాయి. కారణం షాడో ట్యాగ్. అది ఎదురుగా ఉన్నంతసేపూ మీ పోకెమాన్‌ను వెనక్కి పిలుచుకోలేరు. స్మియర్గిల్ మొత్తం అయితే 250. స్కెచ్‌తో దాదాపు ఏ మూవ్‌నైనా నేర్చేసుకుంటుంది. 2016 వీజీసీలో డార్క్ వాయిడ్‌తో ఎదుటి రెండింటినీ ఒకేసారి నిద్రపుచ్చుతూ అది పెట్టిన బాధ ఆ సీజన్ ఆడినవాళ్లు మరిచిపోరు. ఏడో తరంలో డార్క్ వాయిడ్ గురిని 80 నుంచి 50 శాతానికి తగ్గించి, డార్క్‌రై తప్ప ఇంకెవరూ దాన్ని వాడలేకుండా కట్టడి చేశారు. 250 మొత్తం ఉన్న జీవి కారణంగా ఒక మూవ్‌నే తిరగరాయాల్సి వచ్చింది.

అందుకని నేను మొదట చూసేది దాని పని. ఆ పనికి దాని సొంత స్టాట్స్ ఎంతవరకు కావాలి అన్నది చూస్తాను. ఎవరు వేసినా ఒకే ఫలితం ఇచ్చే మూవ్స్ ఆటలో చాలా ఉన్నాయి. సూపర్ ఫ్యాంగ్ ఎదుటిదాని ప్రస్తుత హెచ్‌పీలో (ప్రాణంలో) సగం కోసేస్తుంది, వేసినదాని అటాక్ 5 అయినా 150 అయినా ఒకటే. నైట్ షేడ్, సైస్మిక్ టాస్ లెవెల్‌కు సమానమైన హెచ్‌పీ తీస్తాయి. ఫౌల్ ప్లే ఎదుటిదాని అటాక్‌తోనే ఎదుటిదాన్ని కొడుతుంది. టెయిల్‌విండ్, ట్రిక్ రూమ్, టాంట్, ఎన్‌కోర్, ఫాలో మీ, విల్-ఓ-విస్ప్, వీటిలో దేనికీ అటాక్ అక్కర్లేదు. బలహీనమైన పోకెమాన్ నిలబడేది ఇక్కడే. దాన్ని మామూలుగా కొట్టే పనికి పెట్టారంటే 570, 600 మొత్తం ఉన్నవాటితో వాటి బలం మీదే తలపడమన్నట్టు.

ఇప్పుడు పచిరిసు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఆ గెలుపును చాలామంది అదృష్టమనో, మనసుకు నచ్చినదాన్ని నమ్మినందుకు దక్కిన ఫలమనో చెబుతారు. ఆ ఎంపిక వెనక ఉన్న లెక్క అంతకంటే గొప్పది.

2014 ఆగస్టులో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో మాస్టర్స్ విభాగాన్ని దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ గెలిచాడు. టీమ్‌లో గ్యారడోస్, టాలన్‌ఫ్లేమ్, గార్చాంప్, గార్డెవోయిర్, గోథిటెల్, వాటితో పాటు పచిరిసు. దాని స్టాట్స్ ఇవి: హెచ్‌పీ 60, అటాక్ 45, డిఫెన్స్ 70, స్పెషల్ అటాక్ 45, స్పెషల్ డిఫెన్స్ 90, స్పీడ్ 95. మొత్తం 405. అబిలిటీ వోల్ట్ అబ్జార్బ్, చేతిలో సిట్రస్ బెర్రీ, మూవ్స్ నజల్, సూపర్ ఫ్యాంగ్, ఫాలో మీ, ప్రొటెక్ట్ (ఆ టర్న్‌లో తనకు దెబ్బ తగలకుండా ఆపేది).

ఆ నాలుగు మూవ్స్‌నీ మళ్లీ చదవండి. ఒక్కటి కూడా పచిరిసు అటాక్ మీద బతకదు. నజల్ దెబ్బ నామమాత్రం, కానీ తగిలితే పక్షవాతం ఖాయం. ఆరో తరంలో పక్షవాతం వచ్చినదాని స్పీడ్ నాలుగో వంతుకు పడిపోయేది (ఏడో తరం నుంచి సగానికే పడుతోంది). సూపర్ ఫ్యాంగ్ సగం ప్రాణం తీస్తే మిగతా సగం పక్కనున్న గార్చాంపో, గ్యారడోసో చూసుకుంటుంది. ఫాలో మీ ఎదుటి ఇద్దరి గురినీ తనవైపు తిప్పుకుంటుంది.

అబిలిటీ కథ ఇక్కడ మొదలవుతుంది. టీమ్‌లో ముఖ్యమైన గ్యారడోస్‌కు మెగా రూపం ఎత్తకముందు ఎలక్ట్రిక్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది, ఎత్తాక రెండింతలు. టాలన్‌ఫ్లేమ్‌కూ రెండింతలే. పచిరిసు ఫాలో మీ వేస్తే ఆ థండర్‌బోల్ట్ దాని మీదికే వస్తుంది, వోల్ట్ అబ్జార్బ్ వల్ల తగలకపోగా నాలుగో వంతు హెచ్‌పీ పెరుగుతుంది. అంటే ఎదుటి ఎలక్ట్రిక్ పోకెమాన్ రోటమ్ కొడితే పచిరిసుకు ప్రాణం పోసినట్టు, కొట్టకపోతే ఒక టర్న్ పోగొట్టుకున్నట్టు. ఆ రోజుల్లో గురి తిప్పే పనికి ఎక్కువగా కనిపించింది అమూంగస్. కానీ అది వాడేది రేజ్ పౌడర్. ఆరో తరంలో గ్రాస్ టైప్‌లన్నిటికీ పౌడర్ మూవ్స్ పనిచేయకుండా పోయాయి, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నదాని మీదా అది పారదు. ఫాలో మీకి ఆ బెడద లేదు. పైగా ఎలక్ట్రిక్ టైప్‌లకు పక్షవాతం రాకుండా మార్చింది కూడా అదే తరం. కాబట్టి ఎవరైనా పచిరిసు మీదే థండర్ వేవ్ వేసి దాన్ని కుంటిపరుద్దామన్నా కుదరదు.

మొత్తం 405 అన్న అంకె ఎలా మోసం చేసిందో చూడండి. ఈ పనికి అటాక్, స్పెషల్ అటాక్ అక్కర్లేదు కాబట్టి ఆ రెండూ తీసేసి, మిగిలిన నాలుగింటినీ కూడండి. పచిరిసుకు 315 వస్తుంది. అదే తరహా చిన్న ఎలక్ట్రిక్‌లు ఇంకో రెండిటిని తీసుకుందాం. డెడెన్నే మొత్తం 431, పనికొచ్చేది 292. ఎమోల్గా మొత్తం 428, పనికొచ్చేది 278. కాగితం మీద ఈ రెండూ పచిరిసు కంటే మెరుగు. ఈ పనికి వచ్చేసరికి పచిరిసే వాటి కంటే గట్టి ఒళ్లు, పైగా వాటికి ఫాలో మీ లేదు. వికెట్ కీపర్‌ను ఎంచుకునేటప్పుడు వాడి బౌలింగ్ సగటు చూడం కదా, ఇదీ అంతే.

ఇంకో లెక్క. నేను దీన్ని ప్రతి బలహీనమైన పోకెమాన్‌కూ చేస్తాను: ఒక్క దెబ్బకు పోతుందా, రెండు దెబ్బలు ఆగుతుందా? ఎఫర్ట్ వాల్యూస్, అంటే శిక్షణతో స్టాట్స్‌కు కలిపే పాయింట్లు, మొత్తం 510, ఒక్కో స్టాట్‌లో 252 వరకు పెట్టొచ్చు. పచిరిసుకు ఏమీ పెట్టకపోతే లెవెల్ 50లో హెచ్‌పీ 135, డిఫెన్స్ 90. అటాక్ పూర్తిగా పెంచిన, స్పీడ్ పెంచే జాలీ నేచర్ ఉన్న గార్చాంప్ ఇద్దరి మీదా పడే ఎర్త్‌క్వేక్ వేస్తే ఆ పచిరిసుకు తగిలేది 168 నుంచి 200. అడ్రసు ఉండదు. ఇప్పుడు హెచ్‌పీలో 252, డిఫెన్స్‌లో 252 పెట్టి, డిఫెన్స్ పెంచే ఇంపిష్ నేచర్ ఇవ్వండి. హెచ్‌పీ 167, డిఫెన్స్ 134 అవుతాయి. అదే ఎర్త్‌క్వేక్ ఇప్పుడు 116 నుంచి 138. రెండింతలు తగిలే టైప్ దెబ్బను తట్టుకుని బతుకుతుంది, వెంటనే సిట్రస్ బెర్రీ తిని 41 తిరిగి తెచ్చుకుంటుంది. ఇలా ఒక దెబ్బ ఆగితే ఇంకో టర్న్ దొరుకుతుంది, ఆ టర్న్‌లో ఇంకో సూపర్ ఫ్యాంగ్ పడుతుంది. బలహీనమైనదాని విలువంతా అలా అదనంగా దొరికిన టర్న్‌లలోనే ఉంటుంది. ఎంత పెట్టుబడి పెట్టినా ఒక్క దెబ్బకే పోయేదైతే దానికి మిగిలేది నిండు ప్రాణంతో ఉన్నప్పుడు ఒక్క దెబ్బకు పోకుండా కాపాడే ఫోకస్ సాష్ ఒక్కటే, అప్పుడు టీమ్‌లో ఇంకెవరూ ఆ సాష్ పెట్టుకోలేరు. ఒకే ఐటెం రెండింటికి ఇవ్వకూడదన్న నియమాన్ని ఈ లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచిపోతారు.

ఇంత చెప్పినా పచిరిసు ఎల్లకాలం గొప్పది కాదు. 2014 నిబంధనలు కాలోస్ పోకెడెక్స్‌లో ఉన్నవాటినే అనుమతించాయి, ఆ గుంపులో దానికి చోటు దొరికింది. 2022 నవంబరులో వచ్చిన స్కార్లెట్, వయొలెట్‌లోనూ పచిరిసు ఉంది. కానీ అక్కడ మౌస్‌హోల్డ్ కూడా ఉంది. మొత్తం 470, స్పీడ్ 111, ఫాలో మీ ఉంది, సూపర్ ఫ్యాంగ్ కూడా ఉంది, ఫ్రెండ్ గార్డ్ అబిలిటీతో పక్కవాడికి తగిలే దెబ్బ తగ్గుతుంది. ఆడ ఇండీడీ ఉంది, అది దిగగానే సైకిక్ టెరైన్ పరుస్తుంది, ఫాలో మీ కూడా వేస్తుంది. పచిరిసుకు ఇప్పుడు సొంతంగా మిగిలింది వోల్ట్ అబ్జార్బ్, నజల్. మీ టీమ్‌కు ఎలక్ట్రిక్ దెబ్బ ప్రాణాంతకమైతేనే దాన్ని తీసుకోవాలి. స్టాట్స్ ఒక్క అంకె మారలేదు, మూవ్స్ అవే, విలువ మాత్రం పడిపోయింది. కాబట్టి ఎవరైనా ఫలానా పోకెమాన్ మంచిదా అని అడిగితే ఏ నిబంధనల్లో అని తిరిగి అడగండి. రెగ్యులేషన్ మారిన ప్రతిసారీ ఈ తూకం మళ్లీ వేయాల్సిందే.

ఇంకో మార్పు 2014కీ ఇప్పటికీ మధ్య జరిగింది, మీలాంటివాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. అప్పట్లో ఎదుటివాడి పోకెమాన్ దగ్గర ఏ మూవ్స్ ఉన్నాయో ఆడి తెలుసుకోవాల్సిందే. స్కార్లెట్, వయొలెట్ కాలం నుంచి పెద్ద పోటీల్లో టీమ్ షీట్లు బహిరంగం. మీ పోకెమాన్ అబిలిటీ, ఐటెం, నాలుగు మూవ్స్, టెరా టైప్ (ఆట మధ్యలో మార్చుకోగల టైప్) అన్నీ ఆట మొదలయ్యేలోపే ఎదుటివాడి చేతిలో ఉంటాయి. మూడింట రెండు గెలవాల్సిన పోటీలో ఆశ్చర్యం అనేది ఎప్పుడూ మొదటి ఆట వరకే పనికొచ్చేది, ఇప్పుడు అది కూడా లేదు. ఎవరూ ఊహించరు కదా అన్న ఒక్క కారణంతో తీసుకున్న పోకెమాన్‌ను ఇక పక్కన పెట్టేయొచ్చు. అంతా తెలిసిన ప్రత్యర్థి కూడా దాని పని ఆపలేకపోతే, లేదా ఆపడానికి ఒక టర్న్ ఖర్చు పెట్టాల్సి వస్తే, అది నిజమైన విలువ. పచిరిసుది అలాంటిదే. ఫాలో మీ ఉందని ముందే తెలిసినంత మాత్రాన, ఒక్కదాని మీదే వేసే దెబ్బతో దాన్ని దాటి కొట్టలేరు.

ఇక మీ రెండింటి దగ్గరకు వద్దాం.

డెలిబర్డ్: హెచ్‌పీ 45, అటాక్ 55, డిఫెన్స్ 45, స్పెషల్ అటాక్ 65, స్పెషల్ డిఫెన్స్ 45, స్పీడ్ 75. అటాక్‌లు రెండూ తీసేస్తే పనికొచ్చేది 210. లవ్‌డిస్క్: హెచ్‌పీ 43, అటాక్ 30, డిఫెన్స్ 55, స్పెషల్ అటాక్ 40, స్పెషల్ డిఫెన్స్ 65, స్పీడ్ 97. పనికొచ్చేది 260. పచిరిసుకు వేసిన లెక్కే వేస్తే లవ్‌డిస్క్ గెలవాలి. గెలవదు, ఎందుకంటే ఆ లెక్క రెండోది. మొదట పని ఉండాలి, ఆ పనికి ఒళ్లు సరిపోతుందా అన్నది తర్వాత.

డెలిబర్డ్ దగ్గర ఏముందో చూడండి. ఫేక్ అవుట్ ఉంది, బరిలోకి దిగిన టర్న్‌లో ఎదుటివాళ్లలో ఒకరిని కదలనివ్వదు. ఐసీ విండ్ ఉంది, ఇద్దరికీ తగిలి ఇద్దరి స్పీడ్‌నూ మూడింట రెండు వంతులకు దించుతుంది. డెస్టినీ బాండ్ ఉంది, వేశాక తనను పడగొట్టినవాళ్లను తనతో తీసుకుపోతుంది. హిడెన్ అబిలిటీ ఇన్సోమ్నియా, నిద్రపుచ్చే అమూంగస్ స్పోర్ దాని మీద పనిచేయదు. ఫ్లైయింగ్ టైప్ కాబట్టి ఎర్త్‌క్వేక్ తగలదు. వీటిలో ఏదీ దాని అటాక్ మీద ఆధారపడదు. ఇక్కడిదాకా బాగుంది.

ఇప్పుడు అసలు పరీక్ష: ఇదే పని ఇంకెవరు చేస్తారు? ఫేక్ అవుట్ కావాలంటే ఇన్సినరోర్ ఉంది, మొత్తం 530, దిగగానే ఇంటిమిడేట్‌తో ఎదుటి ఇద్దరి అటాక్ తగ్గిస్తుంది. ఒక్క ఫేక్ అవుట్ కోసమైతే డెలిబర్డ్‌ను తలచుకోవాల్సిన పనే లేదు. ఐసీ విండ్ కోసమైతే ఐరన్ బండిల్ ఉంది. డెలిబర్డ్‌కే యంత్రరూపం, మొత్తం 570, స్పీడ్ 136. ఐరన్ బండిల్ లాంటి పారడాక్స్ పోకెమాన్‌లను అనుమతించని రెగ్యులేషన్ హెచ్ లాంటి నిబంధనల్లో అది పక్కకు తప్పుకుంటుంది, కానీ ఫేక్ అవుట్, ఐసీ విండ్ రెండూ కలిపి ఉన్న వీవైల్ మిగులుతుంది. అదీ ఐస్ టైపే, మొత్తం 510, స్పీడ్ 125. మీ డెలిబర్డ్ పోటీపడాల్సింది వీవైల్‌తో. వీవైల్ దగ్గర లేనివి మూడు: నిద్ర రాని అబిలిటీ, డెస్టినీ బాండ్, ఎర్త్‌క్వేక్ తగలని టైప్. ఈ మూడూ మీ టీమ్‌కు అక్కరకొస్తేనే డెలిబర్డ్. లేకపోతే వీవైల్.

అక్కరకొచ్చే టీమ్ ఎలా ఉంటుందంటే, పక్కన గార్చాంప్‌ను పెట్టండి. గార్చాంప్ ఎర్త్‌క్వేక్ పక్కవాళ్లకూ తగులుతుంది, వీవైల్ అయితే దెబ్బ తింటుంది, లేదంటే ప్రొటెక్ట్ వేసి టర్న్ పోగొట్టుకుంటుంది. డెలిబర్డ్ పక్కన ఆ చింత లేదు, ఎర్త్‌క్వేక్ పడే టర్న్‌లోనే ఐసీ విండో ఇంకోటో వేసుకుంటుంది. టెరా ఫ్లైయింగ్‌తో వీవైల్‌ను కూడా పైకి లేపొచ్చు కదా అంటారేమో. ఒక మ్యాచ్‌కు ఒక్కసారి దొరికే టెరాను సహాయకుడి మీద ఖర్చు చేసినట్టవుతుంది.

స్పీడ్ లెక్క కూడా చూద్దాం. పూర్తిగా పెంచి, స్పీడ్ పెంచే నేచర్ ఇస్తే డెలిబర్డ్ 139 దగ్గర ఆగుతుంది. ఫ్లట్టర్ మేన్ 205. ఒక ఐసీ విండ్ తగిలితే 136కు దిగుతుంది, అంటే మరుసటి టర్న్‌లో డెలిబర్డే ముందు కదులుతుంది. డెస్టినీ బాండ్‌కు ఇదే ప్రాణం, దెబ్బ తినేలోపే అది పడాలి. బూస్టర్ ఎనర్జీతో స్పీడ్ పెంచుకున్న ఫ్లట్టర్ మేన్ అయితే ఈ లెక్కకు అందదు. స్టాట్స్ తగ్గనివ్వని క్లియర్ బాడీ అబిలిటీ లేని డ్రాగపల్ట్ 213 నుంచి 142కు దిగుతుంది, మూడంటే మూడు పాయింట్ల తేడాతో డెలిబర్డ్ కంటే ముందే ఉంటుంది. అక్కడ డెస్టినీ బాండ్ ఆశ పెట్టుకోకూడదు. కానీ స్పీడ్ పెంచే నేచర్ లేకుండానే 154 ఉండే గార్చాంప్ ఆ 142ను దాటేస్తుంది. అలా డెలిబర్డ్ వేసిన ఐసీ విండ్ ఫలితం గార్చాంప్ చేతికి వస్తుంది. బలహీనమైన పోకెమాన్‌ను జోడీతో కలిపే తూచాలని నేను మొండిగా అనేది ఇందుకే.

దీని కష్టాలు కూడా దాచను. ఒళ్లు లేదు కాబట్టి ఫోకస్ సాష్ దీనికే పోతుంది. రాక్ దెబ్బ నాలుగింతలు, ఫైర్, ఎలక్ట్రిక్, స్టీల్ రెండింతలు. మూడుసార్లు తగిలే ఊర్షిఫు సర్జింగ్ స్ట్రైక్స్ ముందు సాష్ ఉన్నా లేనట్టే. ఘోస్ట్ టైప్‌ల మీద ఫేక్ అవుట్ పారదు, సైకిక్ టెరైన్ ఉంటే నేల మీద ఉన్న ఎవరి మీదా పారదు. కోవర్ట్ క్లోక్ పెట్టుకున్నదానికి ఫేక్ అవుట్ తడబాటు రాదు, ఐసీ విండ్‌తో స్పీడ్ తగ్గదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం డిఫయంట్ అబిలిటీ ఉన్న కింగాంబిట్. ఐసీ విండ్ తగిలిందంటే స్పీడ్ తగ్గిన కోపంతో దాని అటాక్ రెండు మెట్లు పైకి పోతుంది. ఎదుటి ఆరింటిలో కింగాంబిట్, ఇండీడీ రెండూ కనిపిస్తే డెలిబర్డ్‌ను ఆ ఆటకు తీసుకోకండి. ఆరింటిలోంచి నాలుగే కదా దిగేది, అన్ని మ్యాచ్‌లకూ పనికిరాకపోవడం దోషం కాదు. కానీ ఎక్కువ మ్యాచ్‌ల్లో బయటే కూర్చుంటే ఆ చోటు వృథా.

లవ్‌డిస్క్‌తో సమస్య వేరు. దాని గొప్ప స్పీడ్ 97, వానలో స్విఫ్ట్ స్విమ్ ఆ స్పీడ్‌ను రెట్టింపు చేస్తుంది. పూర్తి పెట్టుబడితో వానలో 326. వినడానికి భలే ఉంటుంది. కింగ్‌డ్రాకు కూడా స్విఫ్ట్ స్విమ్ ఉంది, వానలో 300, మొత్తం 540. ఆటలో అందరికంటే వేగమైన రెజిలెకి మామూలుగా 277. అంటే 300 దాటాక వచ్చే ఆ 26 పాయింట్లు దాదాపు ఎవరి మీదా అక్కర్లేదు. న్యాయంగా చెప్పాలంటే ఒక చోట అక్కర ఉంది, బూస్టర్ ఎనర్జీతో 307కు చేరిన ఫ్లట్టర్ మేన్‌ను లవ్‌డిస్క్ దాటుతుంది, కింగ్‌డ్రా దాటలేదు. దాటి ఏం చేస్తుంది? పూర్తిగా పెంచినా లవ్‌డిస్క్ స్పెషల్ అటాక్ 92, కింగ్‌డ్రాది 147. స్పెషల్ డిఫెన్స్ పెంచని ఫ్లట్టర్ మేన్ మీద వానలో లవ్‌డిస్క్ హైడ్రో పంప్ 57 నుంచి 67 తీస్తుంది, దాని హెచ్‌పీ 130. సగం పోయిన ఫ్లట్టర్ మేన్ తిరిగి మూన్‌బ్లాస్ట్ వేస్తే లవ్‌డిస్క్ లేదు.

సహాయకుడిగా చూద్దామా? ఛార్మ్ ఉంది, ఒకరి అటాక్‌ను రెండు మెట్లు దించుతుంది, అందుకు ఒక టర్న్ పోతుంది. ఇన్సినరోర్ ఏ టర్నూ ఖర్చు చేయకుండా దిగగానే ఇద్దరి అటాక్‌ను ఒక్కో మెట్టు దించుతుంది. స్వీట్ కిస్ ఉంది, గురి 75 శాతం, తగిలినా ఎదుటిది అయోమయంలో తనను తానే కొట్టుకుంటుందన్న హామీ లేదు. ఐసీ విండ్ ఉంది, అది చాలామంది దగ్గర ఉంది. అబిలిటీలు స్విఫ్ట్ స్విమ్, హైడ్రేషన్, రెండూ ఇంతకంటే మంచి ఒళ్లున్నవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఎటు తిప్పి చూసినా ‘దీనికోసమైనా లవ్‌డిస్క్ కావాలి’ అనిపించే ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆ వాక్యం రాయలేనప్పుడు లెక్కలతో పని లేదు.

మీరు ప్రయత్నించే ఏ పోకెమాన్‌కైనా ఆ వాక్యం ముందు కాగితం మీద రాసుకోండి. డెలిబర్డ్‌కు నేను రాసేది ఇది: ‘గార్చాంప్ పక్కన ఉండి, ఎర్త్‌క్వేక్ తగలకుండా, నిద్రపోకుండా ఫేక్ అవుట్, ఐసీ విండ్ వేసి, పోతూ పోతూ ఒకరిని తీసుకుపోతుంది.’ అందులోంచి ఏ ముక్క తీసేసినా ఇంకో పేరు గుర్తొస్తుంది, ఏదీ తీయకపోతే ఇదొక్కటే మిగులుతుంది.

ఆ తర్వాత పోకెమాన్ షోడౌన్‌లో ఆడి చూడండి. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడొచ్చు, పెంచి శిక్షణ ఇచ్చే శ్రమ లేకుండా టీమ్ కట్టుకోవచ్చు. డ్యామేజ్ కాలిక్యులేటర్ పక్కన తెరిచి పెట్టుకోండి. స్మోగన్ నెలనెలా పెట్టే వాడకం అంకెల్లో పై వరుసలో ఉన్నవాటిని తీసుకుని, వాటి మామూలు దెబ్బలకు మీ పోకెమాన్ ఆగుతుందో లేదో ఒక్కొక్కటీ చూడండి. అరుదైనవాటి మీద లెక్కలు వేసుకుంటూ కాలం పోగొట్టుకోకండి.

మ్యాచ్‌లు ఆడేటప్పుడు గెలుపోటములు లెక్కపెట్టడం వల్ల పెద్దగా తెలియదు. మిగతా ఐదూ బలమైనవైతే ఆరోదాన్ని మోసుకుంటూ కూడా గెలుస్తారు, ఆ గెలుపు డెలిబర్డ్ ఖాతాలో పడిపోతుంది. రీప్లే దాచుకుని చూడండి. డెలిబర్డ్ బరిలో ఉన్న ప్రతి టర్న్‌లో అదే చోట వీవైల్ ఉంటే ఏమయ్యేదో అడగండి. ‘వీవైల్ అయితే ఇక్కడ ఓడిపోయేవాళ్లం’ అనే టర్న్‌లు కనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నారు. ‘వీవైల్ అయితే ఇంకా ముందే గెలిచేవాళ్లం’ అనే టర్న్‌లే ఎక్కువగా కనిపిస్తే జోడీ మార్చి చూడండి, అప్పటికీ మారకపోతే పోకెమాన్‌ను మార్చండి. ఆ తర్వాత అదే టీమ్‌తో, ఆరో చోటులో వీవైల్ పెట్టి, అలాంటి ప్రత్యర్థుల మీదే మళ్లీ ఆడండి. ఈ రెండో విడత ఆడేవాళ్లు చాలా తక్కువ, అసలు సమాధానం మాత్రం దాన్లోనే దొరుకుతుంది.

మొదట కట్టే టీమ్‌కు ఇవి చాలు: డెలిబర్డ్ జాలీ, స్పీడ్ 252, హెచ్‌పీ 252, ఇన్సోమ్నియా, ఫోకస్ సాష్, ఫేక్ అవుట్, ఐసీ విండ్, డెస్టినీ బాండ్, ప్రొటెక్ట్. సాష్ దీని దగ్గరే ఉంటుంది కాబట్టి గార్చాంప్‌కు వేరే ఐటెం చూసుకోండి. కింగాంబిట్‌ను కొట్టడానికి ఒక ఫైటింగ్ టైప్‌ను తప్పక పెట్టండి, ఫైటింగ్ దెబ్బ దానికి నాలుగింతలు. లవ్‌డిస్క్ మీద అంత ప్రేమ ఉంటే కథ ఆడేటప్పుడు, స్నేహితులతో సరదాగా ఆడేటప్పుడు దాన్నే నడిపించండి. పోటీ టీమ్‌లో వాన కావాలనుకున్న రోజున వాన తెచ్చే పెలిపర్ పక్కన కింగ్‌డ్రాను నిలబెట్టండి.